ఓడిన మ్యాచ్ గురించి వినకూడని సలహాలు

విరుదునగర్‌లో మ్యాచ్ ఓడి కోవిల్‌పట్టికి బయలుదేరిన జట్టు బస్సు సాత్తూరు చేరేలోపే తప్పు ఎవరిదో తేల్చేస్తారు. దారంతా కలిపి సుమారు 50 కిలోమీటర్లే. ఊళ్ళో దిగాక మళ్ళీ మొదలు. కోవిల్‌పట్టి హాకీ ఊరు. గ్యాలరీలో కూర్చునే పెద్దవాళ్ళలో చాలామంది ఒకప్పుడు ఏదో ఒక క్లబ్బుకు హాఫ్‌గానో ఫార్వర్డ్‌గానో ఆడినవాళ్ళే. లక్ష్మీ అమ్మాళ్ ట్రోఫీకి దేశం నలుమూలల నుంచి జట్లు వస్తాయి. 2022లో జూనియర్ పురుషుల జాతీయ చాంపియన్‌షిప్ ఇక్కడే జరిగింది. అదే ఏడాది ఈ ఊరి కుర్రాడు మారీశ్వరన్ శక్తివేల్ భారత సీనియర్ జట్టుతో ఆసియా కప్‌కు జకార్తా వెళ్ళాడు. అలాంటి చోట సలహాలకు కరువుండదు. మైదానం దగ్గర తమిళంలో ఒకటి చెబుతారు, ఇంటికొస్తే మన తెలుగులో మావయ్య ఇంకొకటి చెబుతాడు.

అందరూ ప్రేమతోనే చెబుతారు. కానీ డిఫెన్స్ విషయానికొస్తే ఆ సలహాల్లో చాలావాటివల్ల జట్టు బాగుపడకపోగా ఇంకా చెడుతుంది. అవి ఏమిటో, ఎందుకు వినకూడదో కాలేజీ జట్ల కెప్టెన్ల కోసం, కొత్తగా కోచింగ్‌లోకి వచ్చినవాళ్ళ కోసం రాస్తున్నాను.

“గోలీ వదిలేశాడు, వాణ్ణి మార్చండి”

అన్నిటికన్నా ముందు వినిపించేది ఇదే. అన్నిటికన్నా అన్యాయమైనదీ ఇదే.

1982 డిసెంబరు 1న ఢిల్లీ నేషనల్ స్టేడియంలో ఆసియా క్రీడల ఫైనల్ జరిగింది. మొదటి గోల్ మనదే. చివరికి పాకిస్తాన్ చేతిలో 1-7తో ఓడాం. దేశమంతా గోల్‌కీపర్ మీర్ రంజన్ నేగి మీద పడింది. డబ్బు తిన్నాడని కూడా అన్నారు. మనవాళ్ళు గోల్ కోసం ముందుకెళ్ళిపోతుంటే వెనక మైదానం ఖాళీ అయింది. పాకిస్తాన్ ఫార్వర్డ్‌లు అందులోంచి దూసుకొచ్చి, ఎదురుగా నేగి ఒక్కడే ఉండగా కొట్టారు. బంతి గోల్‌లో పడటం అందరూ చూశారు. ముందుకెళ్ళినవాళ్ళు వెనక్కి రాకపోవడం ఎవరూ పట్టించుకోలేదు. అదే నేగి తర్వాత 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టుకు గోల్‌కీపింగ్ కోచ్. 2002లో మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో మన ఆడపిల్లలు స్వర్ణం గెలిచినప్పుడు కూడా వాళ్ళ గోల్‌కీపర్లకు నేర్పింది ఆయనే. అంత తెలిసిన మనిషిని ఒక్క సాయంత్రం చూసి దోషిని చేశారు.

కాలేజీ మ్యాచుల్లో తరచుగా పడే ఒక గోల్‌ను దగ్గరగా చూద్దాం. మన 23 మీటర్ల గీత లోపల మనకు ఫ్రీ హిట్. బంతి రైట్ ఫుల్‌బ్యాక్ దగ్గరుంది. ఎదుటి ఫార్వర్డ్‌లు ఇద్దరు అడ్డంగా నిలబడ్డారు. అతను మధ్యలో ఉన్న సెంటర్ హాఫ్‌కి కొట్టాడు. ఎదుటివాడొకడు ముందే పసిగట్టి స్టిక్ పెట్టి లాగేసుకున్నాడు. లెఫ్ట్ ఫుల్‌బ్యాక్ పడుకుని ట్యాకిల్ వేశాడు, బంతి అందలేదు. గోలీ ముందుకొచ్చి ప్యాడ్‌తో ఆపాడు. బంతి తిరిగి డీలోనే పడింది. అక్కడ ఎవరూ పట్టించుకోని మూడో ఫార్వర్డ్ దాన్ని ఖాళీ గోల్‌లోకి తోసేశాడు.

గ్యాలరీలో తీర్పు ఒకటే, గోలీ సరిగ్గా ఆపలేదని. కొంచెం తెలిసినవాళ్ళు పడుకున్న ఫుల్‌బ్యాక్‌ను కూడా కలుపుతారు. మీరు అక్కడ ఆగకండి, వెనక్కి నడవండి. ఫుల్‌బ్యాక్ ఎందుకు పడుకున్నాడు? వెనక కవర్‌గా ఎవరూ లేరు, ఆఖరివాడు అతనే. కవర్ ఎందుకు లేదు? బంతి మనదే కదా అని హాఫ్‌లు ముందుకెళ్ళిపోయారు. రైట్ ఫుల్‌బ్యాక్ ప్రమాదమని తెలిసి కూడా మధ్యలోకి ఎందుకు కొట్టాడు? సైడ్‌లైన్ వెంట ఇవ్వడానికి మనిషి లేడు. రైట్ హాఫ్ గీత దాకా వెడల్పుగా వెళ్ళలేదు, రైట్ వింగ్ వెనక్కి రాలేదు. అంటే ఆ గోల్‌కు మొదటి కారణం బంతిని ఒక్కసారి కూడా తాకని రైట్ వింగ్. మన ప్రాక్టీస్‌లో ఎవరైనా ఆ కుర్రాణ్ణి ఒక్క మాట అన్నారా? గోలీ తప్పు లేదనను. ప్యాడ్‌తో ఆపిన బంతిని పక్కకు పంపాలి, ఎదురుగా వదలకూడదు. కానీ అతనిది ఆఖరి తప్పు. ముందు మూడు తప్పులు జరిగాకే ఆటగాడు అతని దాకా వచ్చాడు.

నేను చెప్పే పద్ధతి ఇది. పడిన ప్రతి గోల్‌కూ, పడకుండా తప్పిన ప్రతి గోల్‌కూ మన చేతిలోంచి బంతి పోయిన చోటు దాకా వెనక్కి వెళ్ళండి. కాగితం మీద సగం మైదానం గీసి ఆ చోట చుక్క పెట్టండి. నాలుగైదు మ్యాచ్‌ల చుక్కలు ఒకే కాగితం మీద పెడితే అవి ఎక్కడ గుంపుగా పడ్డాయో కంటికి కనిపిస్తుంది. ప్రాక్టీస్ అక్కడ మొదలుపెట్టాలి.

“బంతి కనిపిస్తే కొట్టి పారెయ్”

ఇది నల్లరేగడి నేల నేర్పిన సలహా. మట్టి మైదానంలో బంతి ఎగిరెగిరి వస్తుంది, వేగం తగ్గుతుంది, ఎటు తిరుగుతుందో చెప్పలేం. అక్కడ ఆపాలని చూసేకన్నా ఊపి కొట్టడమే క్షేమం. పెద్దవాళ్ళు అలా ఆడే గెలిచారు, ఆ మాట నిజమే. కానీ ఇప్పుడు పెద్ద మ్యాచ్‌లన్నీ టర్ఫ్ మీదే. నీళ్ళు చల్లిన టర్ఫ్ మీద బంతి నేలకు అంటుకుని జారిపోతుంది. ఊపిన స్టిక్ దిగేలోపు బంతి వెళ్ళిపోతుంది, స్టిక్ మాత్రం ఎదుటివాడి స్టిక్‌కో కాలికో తగులుతుంది.

మట్టి మీద ప్రాక్టీస్ చేసి టర్ఫ్ మీద ఆడే కాలేజీ పిల్లలకు ఈ అలవాటు మాన్పించడమే డిఫెన్స్‌లో మొదటి పని. స్టిక్ నేల మీద ఉండాలి, మోకాళ్ళు వంగాలి, పాదాలు స్టిక్ వెనక ఉండాలి. ముందు ఎదుటివాడి వేగం తగ్గించాలి. అతణ్ణి అతని ఎడమవైపుకు, అంటే మన ఫోర్‌హ్యాండ్ వైపుకు, నడిపించాలి. అతను తల దించి బంతిని చూసుకున్న క్షణంలో స్టిక్ పెట్టాలి. టర్ఫ్ దొరకకపోతే సిమెంటు నేల మీదైనా చేయించండి, బంతి వేగం అలవాటవుతుంది.

“డీలో తప్పదు, పీసీ ఇచ్చెయ్, ఆపుకుందాం”

ఈ మాట సీనియర్లే జూనియర్లకు చెప్పడం విన్నాను. ఇంతకన్నా చెడ్డ సలహా హాకీలో లేదు. పెనాల్టీ కార్నర్ అంటే గోలీతో కలిపి ఐదుగురే గోల్ లైన్ దగ్గర ఉంటారు, మిగతావాళ్ళంతా సెంటర్ లైన్ అవతలకు పోవాలి. ఎదుటి జట్టు మాత్రం ఎంతమందినైనా డీ చుట్టూ నిలబెట్టుకోవచ్చు. మొదటి షాట్ హిట్ అయితే 460 మిల్లీమీటర్ల పలక ఎత్తు దాటకూడదు కానీ, డ్రాగ్ ఫ్లిక్‌కు ఆ హద్దు లేదు. ఇప్పుడు కాలేజీ జట్లలో కూడా ఫ్లిక్ చేసే కుర్రాళ్ళు వచ్చారు.

దీనికి టోక్యోను ఉదాహరణగా చెబుతారు. 2021 ఆగస్టు 5న జర్మనీ మీద 5-4 ఆధిక్యంలో ఉండగా, ఆట ముగియడానికి ఏడు సెకన్లు కూడా లేనప్పుడు మనం పీసీ ఇచ్చాం. శ్రీజేష్ ఆపాడు, 41 ఏళ్ళ తర్వాత ఒలింపిక్ పతకం వచ్చింది. అందులోంచి మన పిల్లలు నేర్చుకోవాల్సింది పీసీ ఇచ్చినా ఫర్వాలేదని కాదు. శ్రీజేష్ లాంటి గోలీ, అమిత్ రోహిదాస్ లాంటి ఫస్ట్ రన్నర్ తయారవడానికి ఎన్నేళ్ళు పడుతుందో చూడండి. మీ జట్టులో ఫ్లిక్ మీదికి ప్రాణాలకు తెగించి పరిగెత్తే కుర్రాడికి కనీసం మాస్క్, మోకాలి గార్డ్ ఉన్నాయా? లేకపోతే పీసీ ఇవ్వమనే హక్కు ఎవరికీ లేదు.

మ్యాచ్ అయ్యాక పీసీలో పడిన గోల్స్ లెక్క కన్నా పీసీలు ఎలా వచ్చాయన్న లెక్క ముఖ్యం. కాలికి తగిలి వచ్చినవి ఒక గడి, వెనకనుంచి ట్యాకిల్ వేసి ఇచ్చినవి ఒక గడి, 23 మీటర్ల లోపల కావాలని చేసిన ఫౌల్‌కు వచ్చినవి ఒక గడి. కాలికి తగిలేవి ఎక్కువైతే పాదాల పని చేయించాలి. వెనకనుంచి ఇచ్చేవి ఎక్కువైతే ఆటగాడు అప్పటికే దాటిపోయాడని అర్థం, రోగం ఇంకా ముందుంది.

“అంపైర్ అన్యాయం చేశాడు”

చేసి ఉండవచ్చు. మీరు సరిదిద్దగలిగింది అది కాదు. నేను చూసేదల్లా ఒకటే. విజిల్ పడ్డాక మనవాళ్ళలో ఎందరు అంపైర్ వైపు తిరిగారు? ఫ్రీ హిట్‌ను తనకు తానే ఇచ్చుకుని ముందుకు పోవచ్చన్న నియమం 2009 నుంచి ఉంది. మీరు చేతులు చాచి వాదిస్తున్న ఆ మూడు సెకన్లలో ఎదుటివాడు డీ దాకా వచ్చేస్తాడు.

“ఆఖర్లో గోల్ పడిందంటే దమ్ము లేనట్టే, ఇంకా పరిగెత్తించండి”

2014 హేగ్ ప్రపంచ కప్‌లో బెల్జియం మన మీద ఆఖరి పావు నిమిషంలో కొట్టి 3-2తో గెలిచింది. ఇంగ్లండ్ కూడా చివర్లోనే కొట్టి 2-1తో గెలిచింది. 2016 రియోలో జర్మనీ ఆఖరి క్షణాల్లో కొట్టి 2-1 చేసింది. ఓడిన మనవాళ్ళు దేశంలోకెల్లా గట్టి శరీరాలున్న ఆటగాళ్ళు. దమ్ము ఒక్కటే కారణమైతే వాళ్ళకు అలా జరగకూడదు. ఆఖరి నిమిషాల్లో బంతి దొరికినప్పుడు ఏం చేయాలో ముందే నిర్ణయించుకోకపోవడం అసలు లోపం. ఒకడు ముందుకు కొడదామనుకుంటాడు, ఒకడు మూలకు తీసుకెళ్దామనుకుంటాడు, బంతి పోతుంది.

రౌండ్లు కొట్టించడం వల్ల నష్టమేమీ లేదు. కానీ ప్రాక్టీస్ చివర్లో, పిల్లలు బాగా అలిసిపోయాక, ఒక గోల్ ముందున్నామనుకుని ఐదు నిమిషాలు ఆడించండి. ఎవరు ఎవరిని పట్టుకోవాలో గోలీ గట్టిగా అరిచి చెప్పాలి. మౌనంగా ఉండే డిఫెన్స్ ఆఖరి ఐదు నిమిషాలు నిలవదు.

“వీడియో ఉంది కదా, చూసుకుంటే తెలుస్తుంది”

ఎవరి ఫోన్‌లోనో తీసిన వీడియో బంతి వెంటే తిరుగుతుంది. డిఫెన్స్ తప్పు బంతి దగ్గర ఉండదు, బంతి లేని వైపు ఉంటుంది. ఎదుటి జట్టు మూడో ఫార్వర్డ్‌ను ఎవరు వదిలేశారో ఆ వీడియోలో కనిపించదు. పైగా దాన్ని అందరి ముందు వేసి, ఒక కుర్రాడి దగ్గర ఆపి, మళ్ళీ మళ్ళీ చూపిస్తారు. ఆ కుర్రాడు మరుసటి మ్యాచ్‌లో బంతి అడగడం మానేస్తాడు. అప్పుడు మీ ఫుల్‌బ్యాక్‌కు ఇవ్వడానికి ఇంకో మనిషి తగ్గాడు.

కోవిల్‌పట్టి, విరుదునగర్ కాలేజీల వ్యాయామ అధ్యాపకులకు నా విన్నపం ఇదొక్కటే. వచ్చే మ్యాచ్‌కు గోల్ వెనక, వీలైనంత ఎత్తున, ఒక ఫోన్‌ను కదలకుండా కట్టేయండి. బంతి ఎటు పోయినా దాన్ని తిప్పొద్దు. మ్యాచ్ అయిన రాత్రి ఎవరితోనూ తప్పుల మాట ఎత్తకండి. మర్నాడు ముందుగా గోలీని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. మైదానమంతా అతని ఎదురుగానే ఉంటుంది, ఎవరు ఎక్కడ లేరో అతను చెప్పగలడు.