ఒంట్లో బాగున్నప్పుడే ఆస్పత్రికి వెళ్ళండి

నర్సీపట్నంలో ఈ సలహాలు చెబితే చాలామంది తలకిందుల సలహాలంటారు. అయినా చెబుతాను.

ఒంట్లో బాగున్నప్పుడే వెళ్ళండి. ఊళ్ళో సబ్‌సెంటర్లో ఏఎన్ఎం బీపీ, సుగరు చూస్తుంది. పక్షవాతం వచ్చి పడిపోయాక ఎంత పెద్ద డాక్టరైనా పూర్తిగా వెనక్కి తేలేని చేయీ కాలూ ఆ పది నిమిషాల పరీక్షతో దక్కవచ్చు.

కింగ్ జార్జ్ ఆస్పత్రి (కేజీహెచ్) పేరు మొదటే ఎత్తకండి. ప్రమాణం ప్రకారం మైదానంలో 5,000 మందికి, ఏజెన్సీలో 3,000 మందికి ఒక సబ్‌సెంటరు, దాని మీద ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ), ఆపైన మన ఏరియా ఆస్పత్రి, చివర్న విశాఖ కేజీహెచ్. వరస ఇది. గుండెనొప్పి, పాముకాటు, కష్టమైన కాన్పు అయితే మాత్రం ఏ వరసా చూడకుండా 108కి ఫోన్ చేయండి.

చిక్కేమిటంటే, ఈ మెట్లన్నీ ఒకే శాఖవి కావు. పీహెచ్‌సీలు ప్రజారోగ్య శాఖవి. ఏరియా ఆస్పత్రులు 1986 చట్టంతో వచ్చిన వైద్య విధాన పరిషత్తు కింద పెరిగినవి. కేజీహెచ్ వైద్య విద్యా శాఖది. అందుకే మీ జబ్బు చరిత్ర ఒకచోటి నుంచి ఇంకోచోటికి దానంతటది చేరుతుందని నమ్ముకోకండి. చింతపల్లి, కొయ్యూరు వైపు నుంచి బస్సు దిగే పెద్దవాళ్ళ చేతుల్లో ప్లాస్టిక్ కవరు చూడండి: మడతలు పడ్డ ఓపీ చీటీలు, ఎక్స్‌రే, సగం వాడిన మాత్రల స్ట్రిప్పు. ఆ సంగతి వాళ్ళకు తెలుసు. మీరూ ఒక్క కాగితం పారేయకండి.

రద్దీగా ఉందని వెనక్కి పోకండి, రద్దీ పెంచండి! మందుల ఇండెంటు వాడకాన్ని చూసి వేస్తారు. మీరు బీపీ మాత్రలు బయట షాపులో కొనుక్కుంటే రిజిస్టరు లెక్కలో మీరు లేనట్టే, మీ అవసరమూ లేనట్టే. ఓపీ చీటీ రాయించుకున్న ప్రతి మనిషీ ఆ ఆస్పత్రికి బలం. ఉన్నవాళ్ళంతా ప్రైవేటుకు పోతే మిగిలిన పేదవాళ్ళ తరఫున గట్టిగా మాట్లాడేవాళ్ళుండరు. ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి.

లేనిదాన్ని లేదని పైకి అనండి. 2020 ఏప్రిల్లో మాస్కులు లేవని బయటకు చెప్పినందుకు ఇక్కడి ఏరియా ఆస్పత్రి మత్తుమందు డాక్టరు సుధాకర్‌ను సస్పెండ్ చేశారు. ఉద్యోగి నోరు విప్పితే ఉద్యోగానికే ముప్పు. రోగికి ఆ భయం లేదు కాబట్టి అడగాల్సింది మనమే. మందు లేదంటే సూపరింటెండెంటుకు తెల్లకాగితం మీద మందు పేరు, తేదీ రాసి ఇవ్వండి. నకలు మీద ముద్ర వేయించుకుని మీ కాగితాల కవర్లోనే పెట్టుకోండి.