సీసాకెక్కిన సున్నిపిండి

ఏలూరు, తాడేపల్లిగూడెం ఇళ్లలో ఇప్పుడు వంటిల్లే క్రీముల ఫ్యాక్టరీ. కలబంద గుజ్జును మిక్సీలో తిప్పి, రోజ్ వాటర్ పోసి, సీసాకెత్తి, ‘కెమికల్స్ లేవు’ అని చీటీ అంటిస్తే సరి. నీళ్లూ కెమికలేనన్న సంగతి చీటీలో పట్టదు కాబోలు. మన అమ్మమ్మలు వాడలేదా అంటారు. వాడారు, నిజమే. పెసలూ బావంచాలూ కచ్చూరాలూ దంచి పొడిగా దాచుకున్నారు. స్నానానికి ముందు గుప్పెడు తీసి, తడిపి, నలుగు పెట్టుకుని వెంటనే కడిగేసుకున్నారు. పొడిలో సూక్ష్మజీవి పెరగలేదు, తడి తగిలితే దానికి పండగే. కొల్లేటి గాలికి డబ్బాలో ఉప్పే చెమ్మగిల్లుతుంది. నిల్వమందు లేని కలబంద నెలంతా ఆగుతుందా?

సహజమైనది హాని చేయదుగా అన్నది రెండో వాదన. చర్మం పీహెచ్ 5 దగ్గర ఉంటే నిమ్మరసానిది 2 దగ్గర. పైగా బావంచాల్లో సొరాలెన్ ఉంటుంది, నిమ్మతొక్కలో దాని జాతివే మరికొన్ని. అవి ఒంటిమీదుండగా ఎండ తగిలితే చర్మం కమిలి, బొబ్బలెక్కి, నల్లమచ్చ తేలొచ్చు. బొల్లికి సొరాలెన్ వాడేదీ ఆ గుణం కోసమే, అదీ డాక్టరు లెక్కకట్టిన మోతాదులో. తెల్లబడాలని నిమ్మచెక్క రుద్దుకుని మిట్టమధ్యాహ్నం బజారుకెళ్లేవారికి ఈ లెక్కలు ఎవరు చెబుతారు?

ఇక అమ్మకానికి తయారు చేయాలంటే 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం లైసెన్సు ఉండాలి. ఆ మాటెత్తితే ‘ఏదో ఇంట్లో చేసుకున్నదండీ’ అంటారు. ధర అడిగితే మాత్రం కంపెనీ లెక్కే!