తుపాకీ ఉచితం, టోపీకే ధర

ఉచిత పథకాల వల్ల ఖజానా ఏమైపోతుందోనని టీవీ చర్చల్లో గొంతు చించుకునే పెద్దలకు ఒక మనవి. ఊరికే ఇచ్చినవాడు దివాలా తీస్తాడన్నదే కదా మీ భయం? ఆ భయం తీరాలంటే ఒకసారి అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్న బెల్‌వ్యూ అనే ఊరి వైపు చూడండి. అక్కడ వాల్వ్ అనే కంపెనీ ఉంది. 2007 అక్టోబరులో టీమ్ ఫోర్ట్రెస్ 2 అనే తుపాకుల ఆటను డబ్బు పుచ్చుకుని అమ్మింది. 2011 జూన్‌లో ఇక పైసా అక్కర్లేదు, ఎవరైనా వచ్చి ఆడుకోండని తలుపులు బార్లా తెరిచేసింది. ఆ తరవాత ఆట మీద రాబడి 12 రెట్లు పెరిగిందని కంపెనీవాళ్లే చెప్పుకున్నారు. అమ్మినప్పటి కన్నా ఊరికే ఇచ్చినప్పుడు ఎక్కువ గడించిన ఈ ఘనత మన ఆర్థిక మంత్రులెవరికీ ఇంతవరకూ దక్కలేదు.

ముందు ఆట కథ వినండి. మాన్ వంశంలో జెఫనయా అనే పెద్దాయన పోతూ పోతూ కవల కొడుకులు రెడ్మండ్‌కీ, బ్లూటార్క్‌కీ ఉమ్మడిగా కొంత నేల రాసిపెట్టాడు. ఆ నేలలో గులకరాళ్లు తప్ప ఏమీ లేవు. అయినా అన్నదమ్ములిద్దరూ చెరో కిరాయి జట్టును పెట్టుకుని కొట్టుకోవడం మొదలుపెట్టారు. ఒకరిది ఎర్ర జట్టు, ఒకరిది నీలి జట్టు. రెండు జట్లనూ తెర వెనక నుంచి నడిపేది ఒకే ఆవిడ. రెండు జట్లకూ ఆయుధాలు అమ్మేది ఒకే దుకాణం. మన జిల్లా కోర్టుల్లో గట్టు తగాదాల దావాలు నడిపే ప్లీడర్లకు అన్నదమ్ముల సంగతి కొత్తగా ఏమీ అనిపించదు. చివరి రెండు వాక్యాలు చదివి మాత్రం కాస్త కుళ్లుకుంటారు.

ఆడటం కష్టం కాదు. స్కౌట్, సోల్జర్, పైరో, డెమోమ్యాన్, హెవీ, ఇంజినీర్, మెడిక్, స్నైపర్, స్పై అని తొమ్మిది రకాల మనుషులుంటారు. మీరు వాళ్లలో ఒకరై తుపాకీ కళ్ల ముందు పెట్టుకుని రంగంలోకి దూకుతారు, చస్తారు, కొన్ని సెకన్లు ఆగి మళ్లీ పుడతారు. 2ఫోర్ట్ అనే మ్యాపులో ఎదురెదురుగా రెండు కోటలు, మధ్యన నీళ్లు, పైన కప్పు వేసిన వంతెన. అవతలి కోట నేలమాళిగలో ఉన్న బ్రీఫ్‌కేసును ఎత్తుకురావడమే అసలు పని. అయితే ఇద్దరు స్నైపర్లు చెరో గోడ మీద నిలబడి ఒకరినొకరు కాల్చుకుంటూ, ఒక ఇంజినీరు బ్రీఫ్‌కేసు పక్కనే మరతుపాకీ కట్టుకుని దాన్ని రెంచితో కొట్టుకుంటూ సాయంత్రాలు గడిపేస్తారు. బ్రీఫ్‌కేసు అంగుళం కదలదు. లోపల ఉన్నవి కాగితాలే కాబట్టి ఇందులో వింతేమీ లేదు.

ఇంతవరకూ అంతా ధర్మంగానే ఉంది. 2009 మే నెలలో కంపెనీవారికి టోపీల ఆలోచన వచ్చింది. టోపీ పెట్టుకుంటే గుండు తగలకుండా పోదు, పరుగు పెరగదు, గురి కుదరదు. ఇంకో విశేషం ఉంది. ఇది ఫస్ట్ పర్సన్ షూటర్. అంటే ఆడేవాడికి తన చేతులూ తుపాకీ కనిపిస్తాయి, తల కనిపించదు. టోపీ కొన్నవాడు తప్ప ఊరందరూ దాన్ని చూడొచ్చు. అవతలివాణ్ణి వెక్కిరిస్తూ చిందులేసినప్పుడు మాత్రం కెమెరా వెనక్కి జరిగి మీ టోపీ మీకూ కనిపిస్తుంది. కనక కంపెనీ చిందుల్ని కూడా అమ్మకానికి పెట్టింది.

మొదట్లో టోపీలు ఊరికే రాలేవి. ఆడుతూ ఉంటే ఎప్పుడో ఒకటి తగిలేది. ఎంతసేపు ఆడితే అంత ఆశ. బుద్ధిమంతులు వెంటనే కిటుకు కనిపెట్టి, ఆట తెరిచిపెట్టి నిద్రపోయారు. అంతకన్నా బుద్ధిమంతులు ఆట నడుస్తున్నట్టు కంపెనీని నమ్మించే ప్రోగ్రాములు రాసుకున్నారు. హాజరుపట్టీలో సంతకం పెట్టి కాంటీన్‌కు వెళ్లే విద్య అమెరికాకు ఎవరు తీసుకెళ్లారో చెప్పలేం. 2009 సెప్టెంబరులో కంపెనీ దొంగల్ని పట్టుకుంది. తేలినవాళ్లు 4.5 శాతం. వాళ్ల సరుకు ఊడబెరికి, నిజాయితీగా ఉన్న మిగతావాళ్లందరికీ తల చుట్టూ వెలిగే తేజోవలయం బహూకరించింది. ఆ వలయాన్ని ఇంకొకరికి మార్చడం కుదరదు. నిజాయితీకి మార్కెట్టులో మారకం విలువ ఎంతో ఆనాడే తేలిపోయింది.

2010 సెప్టెంబరు ఆఖరున ఆటలోనే కొట్టు తెరిచారు. అప్పటినుంచి జనానికి టోపీ పెట్టే పనిని కంపెనీ బాహాటంగా, రసీదు ఇచ్చి మరీ చేస్తోంది. టోపీ నేరుగా కొనుక్కోవచ్చు. కానీ అసలు మహిమ పెట్టెలది. ఆడుతుండగా పెట్టె ఊరికే వస్తుంది. దానికి తాళం ఉంటుంది. తాళంచెవి ఊరికే రాదు. దాని ధర 2.49 డాలర్లు, మన లెక్కలో రెండొందల పైచిలుకు. ఇక ఏ ఇంట్లోనైనా సంభాషణ ఇలాగే నడుస్తుంది:

"నాన్నా, ఓ రెండొందల యాభై కొట్టవా?"

"దేనికిరా?"

"తాళంచెవి కొనాలి."

"బండి తాళం మళ్లీ పోగొట్టావా?"

"అది కాదు నాన్నా. ఆటలో పెట్టె వచ్చింది. తెరవాలంటే తాళంచెవి ఉండాలి."

"పెట్టె ఎంతకు కొన్నావ్?"

"కొనలేదు. ఊరికే ఇచ్చారు."

"లోపల ఏముంది?"

"తెరిస్తేగానీ తెలీదు."

"ఏముందో చెప్పకుండా వాడు పెట్టె ఊరికే ఎందుకిచ్చాడ్రా?"

ఈ ప్రశ్న దగ్గర కొడుకు ఫోన్ వైపు చూస్తాడు. తండ్రి కాసేపు సణిగి డబ్బు కొడతాడు. తాళం తిప్పగానే తెర మీద అంకెలు వెనక్కి నడుస్తాయి. ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. నిజానికి మనం కొన్నది ఆ ఐదు సెకన్లనే. తరవాత బయటపడేది చాలాసార్లు ఎవడికీ అక్కర్లేని సరుకు. నూటికి ఏ ఒక్కటో నెత్తి మీద నిప్పురవ్వలో ఊదారంగు పొగో చిమ్ముతూ ఉండే 'అన్‌యూజువల్' టోపీ. ఏది దొరికినా ఫలానావాడికి ఫలానాది దొరికిందని సర్వర్లో అందరికీ చాటింపు వేస్తారు. ఓడినవాడి పరువు కూడా గుట్టుగా పోనివ్వరు.

ఇలాంటి పెట్టెల్ని బెల్జియంలో జూద నియంత్రణ సంస్థవారు 2018లో పరిశీలించారు. వాల్వ్‌దే అయిన కౌంటర్ స్ట్రైక్ కూడా అందులో ఉంది. చూసి, ఇది జూదమేనని తేల్చేశారు. మన దగ్గర 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ మీద నిషేధం పెట్టాయి. పండక్కి తోటలో నలుగురు పేకముక్కలతో కూర్చుంటే పోలీసు జీపు వస్తుంది. పడగ్గదిలో కూర్చుని రాత్రంతా పెట్టెలు తెరిస్తే నెలాఖరున కార్డు బిల్లొస్తుంది. రమ్మీలో ఏ ముక్క దించాలో ఆలోచించే బాధైనా ఆడేవాడికి ఉంది. ఇక్కడ ఆ శ్రమ కూడా లేదు.

టోపీలు పోగయ్యేసరికి సంత మొదలైంది. సంత మొదలయ్యాక నాణెం కావాలి. అక్కర్లేని ఆయుధాలు రెండు కరిగిస్తే ఒక తుక్కు. మూడు తుక్కులు కలిపితే ఒక రీక్లెయిమ్డ్. అవి మూడు కలిపితే ఒక రిఫైన్డ్. రిఫైన్డ్ చిల్లర అయింది, తాళంచెవి పెద్దనోటు అయింది. 2010లో యాపిల్ కంప్యూటర్లలోకి ఆట వచ్చిన సందర్భంగా ఊరికే పంచిన ఇయర్‌బడ్స్ అంతకన్నా పెద్దనోటుగా చాలాకాలం చెలామణీ అయ్యాయి. ఎవరికి వారు ఆయుధాలు కరిగించుకుంటూ పోవడంతో ద్రవ్యోల్బణం రానే వచ్చింది. ఒకప్పుడు రెండు మూడు రిఫైన్డ్‌లకు దొరికిన తాళంచెవి తరవాత తరవాత యాభై దాటేసింది. 2013 నుంచి బంగారు పెనం కూడా ఉంది. దాంతో కొడితే శత్రువు బంగారు బొమ్మై నేలకూలతాడు. వేల డాలర్లు పెట్టి కొన్నవాళ్లున్నారు. దాని మీద దోసె రాదు.

ఈ వ్యవహారం చెయ్యి దాటుతోందని కంపెనీకీ అనిపించింది. 2012లో యానిస్ వరూఫాకిస్ అనే గ్రీకు ఆర్థికవేత్తను పిలిచి ఉద్యోగమిచ్చింది. తమ రెండు ఆటల మధ్య ఉమ్మడి నాణెం పెడదామంటే ఎదురైన చిక్కులు చూస్తే జర్మనీ, గ్రీస్‌ల గొడవే గుర్తొచ్చిందని వాల్వ్ అధిపతి గేబ్ న్యూయెల్ ఆయనకు రాశారట. ఆయన టోపీల మార్పిళ్లను శ్రద్ధగా పరిశీలించి వ్యాసాలు రాశాడు. 2015 జనవరిలో ఏకంగా గ్రీస్‌కు ఆర్థిక మంత్రి అయ్యాడు. టోపీల శాఖ నుంచి ఆర్థిక శాఖకు బదిలీ అయిన మొదటి మనిషి బహుశా ఆయనే. ఆర్థిక శాఖ నుంచి టోపీల శాఖకు వెళ్లినవాళ్ల సంఖ్య మాత్రం ప్రతి దేశంలోనూ గణనీయంగానే ఉంటుంది. అప్పులిచ్చినవాళ్లతో పేచీ తెగక జులైలో రాజీనామా చేశాడు. పాత తుపాకులు కరిగిస్తే యూరోలు రాకపోవడమే గ్రీస్‌లో ఆయనకు ఎదురైన ఇబ్బంది.

2019 జులైలో అసలు ప్రళయం వచ్చింది. ఒక అప్‌డేట్‌లో దొర్లిన పొరపాటు వల్ల కొన్ని పాత పెట్టెలు తెరిచిన ప్రతివాడికీ అన్‌యూజువల్ టోపీయే వచ్చింది. తరతరాల వెట్టిచాకిరి పోయి సమసమాజం వచ్చేసినట్టే. దాంతో శ్రీమంతులు లబోదిబోమన్నారు. టోపీల ధరలు పాతాళానికి పోయాయి. ఆటగాళ్లు దానికి 'మహామాంద్యం' స్థాయిలో పేరు పెట్టుకున్నారు. కంపెనీ హుటాహుటిన దిగి పొరపాటు సరిదిద్ది, అలా పుట్టిన టోపీల మారకానికి తాళం వేసింది. అందరికీ దొరికితే అది సంపద కాదన్న ఆర్థిక సూత్రం ఆ వారంలో టీనేజీ కుర్రాళ్లకు అర్థమైనంత బాగా మన డిగ్రీ కాలేజీల్లో మూడేళ్లకూ అర్థం కాదు. 2018 డిసెంబరు నుంచి ఉచితంగా ఇస్తున్న కౌంటర్ స్ట్రైక్‌లోనూ ఇదే ముచ్చట. 2025 అక్టోబరులో తుపాకీకి వేసే రంగుల స్కిన్లు ఎర్రరకంవి ఐదు ఇస్తే ఒక కత్తి దొరికేలా నిబంధన మార్చేసరికి, లక్షలు పోసి కత్తులు దాచుకున్నవాళ్ల ఆస్తి తెల్లారేసరికి కుదేలైంది.

రాజ్యం వచ్చాక వర్ణ వ్యవస్థ రాకుండా ఉంటుందా? టీమ్ ఫోర్ట్రెస్‌లో కొత్తవాళ్లకు తేలిగ్గా దొరికే టోపీ ఒకటుంది, దాని పేరు గిబస్. అది నెత్తిన ఉంటే, వీడు పైసా పెట్టనివాడని చదువుకోవచ్చు. వెక్కిరింతలు మొదలవుతాయి. కొట్లో ఏ చిన్న వస్తువు కొన్నా ప్రీమియం కులంలో చేర్చుకుంటారు. 2020 నుంచి ఇంకో మెట్టు పైకెక్కారు. మనిషికి బదులు ఆడే బాట్ ప్రోగ్రాములు చాట్‌లో చెత్త నింపుతున్నాయని చెప్పి, డబ్బు కట్టని కొత్త ఖాతాలకు కంపెనీ సొంత సర్వర్లలో మాట్లాడే హక్కు తీసేశారు. ఊరికే ఆడొచ్చు, ఊరికే చావొచ్చు, నోరు విప్పాలంటే మాత్రం రుసుము. మన అపార్ట్‌మెంట్ల సంక్షేమ సంఘాల అధ్యక్షులు పరిశీలించదగ్గ పద్ధతి ఇది.

ఆ బాట్‌ల గొడవా తీరలేదు. ఏళ్ల తరబడి గురి తప్పని ఎయిమ్‌బాట్ పెట్టుకున్న స్నైపర్ యంత్రాలు ప్రతి ఆటలోకీ దూరి, మనిషన్నవాడు తలెత్తగానే నుదుటి మీద కాల్చేశాయి. ఇటు మనుషుల్ని కాల్చేదీ యంత్రమే, అటు ఆటలో నుంచి మనుషుల్ని బయటకు పంపాలని ఓటు వేసేదీ యంత్రమే. 2022 మేలో ఆటగాళ్లు గొడవ చేస్తే, మేమూ ఈ ఆటను ప్రేమిస్తున్నాం, చూస్తున్నాం అని కంపెనీ ఒక ట్వీటు పెట్టింది. 2024లో మళ్లీ విజ్ఞాపన పత్రం తయారై మూడు లక్షల సంతకాలు దాటింది. అప్పటికి గానీ బాట్‌ల మీద గట్టి వేటు పడలేదు. రౌడీమూకలు ఊరిమీద పడిన ఆ కాలమంతా కొట్టు ఒక్కరోజు కూడా మూయలేదు. తాళంచెవుల అమ్మకం నిరాటంకంగా సాగింది. శాంతిభద్రతలు వేరు, వసూళ్లు వేరు అన్న పరిపాలనా సూత్రం పాటించారు.

ఇంతా చేసి, ఆట మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది. పుట్టి దాదాపు రెండు దశాబ్దాలవుతున్నా ఇప్పటికీ జనం ఆడుతున్నారంటే ఊరికే కాదు. డబ్బు పోసినవాడికి గెలుపు అమ్మకుండా డాంబికం మాత్రమే అమ్మడం ఒక రకంగా మర్యాదే. పైసా పెట్టని గిబస్‌గాడు వేల డాలర్ల నిప్పుల టోపీ మీదకు గురి చూసి కాల్చితే ఆ టోపీ అడ్డుపడదు. ఈ దేశంలో అలాంటి సమానత్వం ఇంకెక్కడుందో చూపించండి.

కాబట్టి పిల్లలకు సెలవులొస్తే నిరభ్యంతరంగా ఆడుకోనివ్వండి, వీలైతే మీరూ ఓ పట్టు పట్టండి. ఫోన్లో మాత్రం కార్డు నంబరు సేవ్ చేసి ఉంచకండి.