ద్వీపం కదల్లేదండీ!

మా వైపు అరుగుల మీద కూర్చునే పెద్దమనుషులకు అమెరికా, జపాను యుద్ధం కంఠతా వచ్చు. పెర్ల్ హార్బర్ మీద ఏ తేదీన బాంబులు పడ్డాయో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. మిడ్‌వేలో జపానువి ఎన్ని ఓడలు మునిగాయో వేళ్ళు మడిచి లెక్కపెడతారు. హిరోషిమా మాట వస్తే రెండు నిమిషాలు మౌనం, ఆ పైన గంటసేపు ఉపన్యాసం. అంతా విన్నాక "బాబాయిగారూ, మరి మన కాకినాడ మీద బాంబు ఎప్పుడు పడిందండీ?" అని అడిగి చూడండి. "కాకినాడ మీద బాంబేమిట్రా, ఎండలో తిరిగొచ్చావా?" అంటారు.

పడిందండీ. 1942 ఏప్రిల్ 6, సోమవారం. ముందురోజు ఈస్టరు పండగనాడు జపాను నౌకాదళం కొలంబోను కొట్టింది. దాని తోడి దండు ఒకటి అడ్మిరల్ ఒజావా వెంట బంగాళాఖాతంలోకి దిగింది. ఆ దండులో విమానాలు మోసే ఓడ పేరు ర్యూజో. దుమికే డ్రాగన్ అని అర్థమట. ఆ డ్రాగన్ విమానాలే విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. బియెన్‌విల్, ఎక్స్‌మూర్, సెల్మా సిటీ అనే మూడు అమెరికా సరుకు ఓడలు ఆ ఒక్కరోజే ఈ సముద్రంలో మునిగిపోయాయి. మనం టిక్కెట్టు కొనుక్కుని తెరమీద చూసిన యుద్ధం, మన వేటపడవలు తిరిగే నీళ్ళ మీదే జరిగింది.

మరి రవి అస్తమించని సామ్రాజ్యం మనల్ని కాపాడటానికి ఏం ఏర్పాటు చేసింది? విశాఖలో వాపిటి అనే విమానాలను పెట్టింది. కిందో రెక్క, పైనో రెక్క ఉండే సత్తెకాలపు సరుకు. వాటిలో ఎగిరినవాళ్ళు మాత్రం ధైర్యవంతులే. శత్రువు ఓడలను కనిపెట్టి కబురందించారు. అంతకు మించి చేయడానికి వాళ్ళ చేతుల్లో ఏమీ లేదు. దొంగను చూసి కేక వేయమని కావలివాడికి గొంతు ఒక్కటే ఇచ్చి, కర్ర ఇవ్వని మోతుబరి సంగతి మనకు తెలియనిది కాదుగా!

ఇక్కడ ఇద్దరు హోపుల కథ చెప్పాలి. కాకినాడ రేవుకు అడ్డంగా హోప్ ఐలండ్ ఉంది. గోదావరి తెచ్చిన ఇసుకా ఒండ్రూ మేటవేసి ఏర్పడిన దిబ్బ. సముద్రపు పోటు మీద పడకుండా ఊరికి అదే అడ్డు. ఆ రోజుల్లో మద్రాసు గవర్నరు పేరు కూడా హోపే, సర్ ఆర్థర్ హోప్. ఏప్రిల్లో ద్వీపం కదల్లేదు. దొరగారి ప్రభుత్వం కదిలింది. మద్రాసు కచేరీల కాగితాలు కట్టలు కట్టి లోపలి ఊళ్ళకు పంపారు. అవసరం లేనివాళ్ళు పట్నం వదిలి పొమ్మని జనానికి చెప్పారు. బాంబు పడి బోనులు పగిలితే ప్రమాదమని జంతుప్రదర్శనశాలలో సింహాలను, పులులను కాల్చి చంపారు. ఆ వేసవిలో మద్రాసు సర్కారు పూర్తిగా గెలిచిన యుద్ధం అదొక్కటే. శత్రువు బోనులో ఉన్నాడు మరి!

సరిగ్గా అప్పుడే ఢిల్లీలో, బ్రిటిషు ప్రభుత్వం పంపిన క్రిప్సు దొర మన నాయకులతో బేరమాడుతున్నాడు. ముందు యుద్ధంలో సాయం పట్టండి, స్వరాజ్యం సంగతి యుద్ధం అయ్యాక చూద్దాం అన్నాడు. బయానా ఇప్పుడు, రిజిస్ట్రీ ఎప్పుడో. అలాంటి బేరానికి మా డెల్టా రైతు స్టాంపు కాగితం కూడా కొనడు.

కాకినాడలో జరిగిన నష్టం స్వల్పమే. అసలు నష్టం మనకు రంగంలో జరిగింది. రంగూన్ను మనవాళ్ళు రంగం అనేవారు. ఒకప్పుడు కోరంగి రేవులో, తర్వాత కాకినాడలో ఓడెక్కి పొట్ట చేత్తో పట్టుకుని పోయారు. కోరంగి నుంచి వచ్చినవాళ్ళు కాబట్టి బర్మాలో తెలుగువాడి పేరే కోరంగీ అయిపోయింది. రేవులో బస్తాలు మోసిందీ, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చిందీ వాళ్ళే. 1942 మార్చి 8న రంగం జపాను చేతికి చిక్కింది. ఓడ దొరకనివాళ్ళు నడక సాగించారు. అరకాన్ కొండలు, అస్సాం అడవులు దాటుతూ లక్షల మంది భారతీయులు నడిచారు. ఆకలికీ, కలరాకూ, మలేరియాకూ వేలకు వేలమంది దారిలోనే రాలిపోయారు. ఆ దారుల్లోనూ తెల్లవాళ్ళకో బాట, నల్లవాళ్ళకో బాట అని దేశం గగ్గోలు పెట్టింది. సామ్రాజ్యం మర్యాద తెలిసింది. పారిపోవడంలో కూడా ఫస్టు క్లాసు, థర్డు క్లాసు ఉంచింది.

జపానువాడైనా తక్కువ తిన్నాడా? ఆసియా ఆసియావాళ్ళదే అని చాటింపు వేశాడు. వేసి, మలయా రబ్బరు తోటల్లోని తమిళ, తెలుగు కూలీలను సయాం, బర్మా రైలుదారి వేయడానికి తోలుకుపోయాడు. వెళ్ళినవాళ్ళలో తిరిగి రానివాళ్ళెందరో! ఆసియా వాళ్ళదేనట, అందులో ఆరడుగుల గొయ్యి మాత్రం మనదట.

ఆగస్టు వచ్చింది. క్విట్ ఇండియా అన్నాం. 12వ తేదీన తెనాలిలో పోలీసులు కాల్చారు, ఏడుగురు పోయారు. మన భీమవరంలోనూ తుపాకులు పేలాయి. ఏప్రిల్లో నెత్తిమీద విమానం తిరిగితే దిక్కులు చూసిన సర్కారుకు, ఆగస్టులో చొక్కా విప్పి నిలబడ్డ కుర్రాడు కనపడగానే గురి బ్రహ్మాండంగా కుదిరింది.

అదే నెల 24న సొలొమన్ దీవుల దగ్గర, అమెరికా ఓడ సరటోగా నుంచి లేచిన విమానాలు ర్యూజోను ముంచేశాయి. చూశారా, కాకినాడ పగ అమెరికా తీర్చింది అని ఎవరైనా తొడ కొట్టబోతే కాస్త ఆగమనండి. బాంబు వేసినవాడికీ, వాణ్ణి ముంచినవాడికీ కాకినాడ పటం మీద ఒక చుక్క. ఆ చుక్కలో మనుషులుంటారని ఏ పక్షంవాడూ రాసుకోలేదు. పరాయివాళ్ళు రాసుకోకపోవడంలో వింతేముంది? మనమూ రాసుకోలేదు, వింతంతా అందులోనే ఉంది.

ఇప్పుడు మా ఊళ్ళల్లో అబ్బాయి డాలస్‌లో, వాకిట్లో టొయోటా. అలనాటి శత్రువులిద్దరూ మన ఇంట్లో వియ్యమందారు. సంతోషం. విశాఖ మ్యూజియానికి వెళ్తే ఆనాడు పడి పేలకుండా మిగిలిన జపాను బాంబును అద్దంలా తుడిచి చూపిస్తారు. అదీ సంతోషమే. పేలని బాంబుకు పీట వేశాం, అడవిలో కూలిన కోరంగీకి కనీసం ఇంటిపేరైనా గుర్తుంచుకోలేదు. తద్దినాలకు మూడు తరాల పేర్లు గుక్కతిప్పుకోకుండా చదివే జాతి మనది!

కాబట్టి అరుగుమీది బాబాయిగార్లకు ఒక విన్నపం. మిడ్‌వే లెక్క మళ్ళీ చెబుదురు గాని, ముందు ఇంట్లోకి వెళ్ళి తొంభై దాటిన మామ్మ పక్కన కూర్చోండి. "మనవాళ్ళలో రంగం వెళ్ళినవాళ్ళెవరు? తిరిగొచ్చిందెవరు?" అని అడగండి. ఆవిడ చెప్పిన పేర్లు మనవడి నోటుపుస్తకంలో రాయించండి. 1942 ఏప్రిల్ 6 అని తేదీ నేను చెప్పాను. పేర్లు మీ ఇళ్ళల్లోనే ఉన్నాయి.