డిసెంబరు నవాబు

డిసెంబరు నవాబు సైబరాబాద్ మనిషి. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఇతని సంచార ప్రాంతాలు. వయసు ముప్పైకీ నలభైకీ మధ్య. ఏడాది పొడవునా మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగే. ఆఖరి వారంలో మాత్రం కుటుంబసమేతంగా రాజప్రాసాదాల మీదికి దండెత్తుతాడు.

దండయాత్రకు కారణం చరిత్ర మీద మక్కువ కాదు, అమెరికా క్యాలెండర్. అక్కడ క్లయింటు క్రిస్మస్‌కు సెలవు పెడతాడు. కొత్త సంవత్సరం దాకా కొత్త కోడ్ ఎక్కించొద్దని ఫ్రీజ్ పడుతుంది. రాత్రి కాల్స్ ఆగుతాయి. వాడుకోని సెలవులు డిసెంబరు 31తో మురిగిపోతాయని హెచ్‌ఆర్ వారి మెయిల్ వస్తుంది. ఆఫీసు లాబీలో ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టు వెలుస్తుంది, సీక్రెట్ శాంటా పేరిట మరో కాఫీ మగ్గు చేతికొస్తుంది. గోవా టికెట్ల ధర చూశాక మనసు ఉంటున్న ఊరి మీదికి తిరుగుతుంది. 1998లో వాజ్‌పేయి ప్రారంభించిన సైబర్ టవర్స్ కన్నా పాత కట్టడంలో ఇంతవరకు అడుగు పెట్టలేదన్న సంగతి అప్పుడు తడుతుంది.

తొలి గురి ఫలక్‌నుమా. మెహదీపట్నం దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి, ఆరాంఘర్ దగ్గర దిగి, గుట్ట చేరాలి. ఆ ప్యాలెస్ ఇప్పుడు తాజ్ వారి హోటల్. ఊరికే చూసొస్తామంటే గేటు దాటనివ్వరు, గదో భోజనమో టీయో ముందే బుక్ చేసుకోవాలి. నవాబు టీ ఎంచుకుంటాడు. బిల్లును మనిషికింత, ఫొటోకింత అని మనసులోనే భాగిస్తాడు. క్రిస్మస్ చెట్టు ముందు ఒకటి, మెట్ల మీద ఒకటి, గుర్రపు బండి పక్కన నాలుగు తీయించుకున్నాక గానీ టీ చల్లారిన విషయం గమనించడు.

భవన చరిత్ర వినేటప్పుడు మాత్రం ఇతను నిజంగా చలిస్తాడు. పాయెగా వంశపు ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో దీనికి పునాది వేశాడు. ఖర్చు తలకు మించింది. చివరికి సొమ్ము ముట్టజెప్పి భవనాన్ని తీసుకున్నది ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా. అంటే బడ్జెట్ దాటిన ఇంటిని చివరికి పైవాడికి అప్పగించిన వ్యవహారం. ఇరవై ఏళ్ళ ఈఎంఐలో ఉన్న నవాబుకు వికారుల్ ఉమ్రా ఒక్కసారిగా దగ్గరి బంధువైపోతాడు. కట్టడానికి నలభై లక్షలైందని చెప్పుకుంటారనగానే ఆ సానుభూతి కాస్త తగ్గుతుంది. కోకాపేటలో ఆ డబ్బుకు ఒక పడగ్గది కూడా రాదు కదా. భవనం తేలు ఆకారంలో ఉందని తెలిశాక కేసు పూర్తిగా తేలిపోతుంది. ఈస్ట్ ఫేసింగ్‌కు అదనంగా చెల్లించి ఫ్లాటు కొన్న ఇంట్లో ఇంతకు మించిన ఆధారం అక్కర్లేదు. “చూశారా, వాస్తు!” అంటుంది భార్య.

నూటొక్క మంది కూర్చునే భోజనపు బల్ల ఇతన్ని పెద్దగా ఆశ్చర్యపరచదు. అంతమందిని కూర్చోబెట్టి ఇద్దరే మాట్లాడే మీటింగులు ఇతనికి అలవాటే. మ్యూట్ బటన్ లేకుండా ఎలా నెగ్గుకొచ్చారన్నదే ప్రశ్న. ఈలోగా ఫోన్ మోగుతుంది. ఫ్రీజ్‌లో ఉన్నా సర్వర్ పడిపోవచ్చు, ల్యాప్‌టాప్ సంచి వీపు దిగకపోవడానికి కారణమదే. 1911లో ఆరో నిజాం కన్నుమూసిన భవనంలో కూర్చుని ఇతను సర్వర్‌కు ప్రాణం పోస్తాడు.

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే గురి చౌమహల్లాకు మారుతుంది. ఇక్కడ టికెట్టు కొంటే చాలు. 1750 ప్రాంతంలో మొదలైన ఈ నాలుగు మహళ్ళ నిర్మాణం ఐదో నిజాం కాలంలో గానీ పూర్తికాలేదు. వందేళ్ళు ఆలస్యమైన ప్రాజెక్టు అనగానే నవాబు ముఖం వెలిగిపోతుంది, తమ డెలివరీ తేదీలు అంత ఘోరమేమీ కాదు. దర్బారు హాల్లో పంతొమ్మిది బెల్జియం షాండ్లియర్లు వేలాడుతుంటాయి. కొడుకు వాటి ముందు సెల్ఫీ కోణం వెతుకుతుంటే తండ్రి తల పైకెత్తి, “వీటి దుమ్మెవడు దులుపుతాడ్రా?” అంటాడు. భవనం మొత్తానికి ఆ రోజు అడిగిన తెలివైన ప్రశ్న అదే. ఫలక్‌నుమా, చౌమహల్లా రెండూ శిథిలం కాకుండా నిలిచింది ఆ దుమ్ము దులిపించిన నిజాం వంశపు కోడలు ప్రిన్సెస్ ఎస్రా పట్టుదల వల్ల. చౌమహల్లా పునరుద్ధరణకు 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం కూడా వచ్చింది.

నిజానికి క్రిస్మస్ రోజుల్లో చూడదగ్గ ఇల్లు కోఠీలో ఉంది. అది కిర్క్‌ప్యాట్రిక్ కట్టించిన బ్రిటిష్ రెసిడెన్సీ. హైదరాబాద్ కులీనుల ఇంటి ఆడపడుచు ఖైరున్నీసాను పెళ్ళాడి నవాబుల వేషభాషల్లో బతికిన ఆ ఈస్టిండియా కంపెనీ అధికారి, ఈ వ్యాసంలోని నవాబుకన్నా మెరుగైన నవాబు. ఒకప్పటి మహిళా కళాశాల, ఇప్పటి మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉండటం వల్ల కాబోలు, సైబరాబాద్ కార్లు అటు తక్కువగా తిరుగుతాయి. 2023లో పునరుద్ధరణ తర్వాత సందర్శకులకు తెరిచినా ఇతని జాబితాలోకి ఆ ఇల్లు ఇంకా ఎక్కలేదు.

జనవరి మొదటి సోమవారానికి నవాబు మళ్ళీ ఉద్యోగి అవుతాడు. వాట్సాప్ బొమ్మలో గుర్రపు బండి సంక్రాంతి దాకా ఉండి, ఆపైన కోడిపందేలకు చోటిస్తుంది. ఈ ఏడాది ఆ బాట పట్టదలచినవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి. చౌమహల్లాకు శుక్రవారం సెలవు, 2026లో క్రిస్మస్ శుక్రవారమే.