దిక్కులేని ప్యాకెట్టు ఆత్మకథ

లినక్స్ కెర్నల్‌లో నన్ను ఎస్‌కె-బఫ్ అంటారు. మీ యంత్రం నుంచి నెట్‌లోకి వెళ్ళే మాటైనా, నెట్ నుంచి వచ్చే మాటైనా దాదాపు ఎప్పుడూ మా మీదుగానే నడుస్తుంది. 64 బిట్ల యంత్రాల్లో మాలో ఒక్కొక్కరికి మామూలుగా 256 బైట్ల గది ఇస్తారు. మేం మోసే సరుకుకు వేరే చోటు ఉంటుంది. ఎవరి ఫోన్ మాటలోనిదో ఒక గొంతు ముక్కను మోయడానికి నన్ను పుట్టించారు.

ఆ పనంటే నాకు గర్వం. సరుకు ముందు కాస్త ఖాళీ జాగా ఉంచుతారు. మెట్టు మెట్టుగా కిందికి దిగుతుంటే యూడీపీ తన 8 బైట్ల హెడర్ ఆ ఖాళీలో రాసింది, దాని ముందు ఐపీ 20 బైట్లు, దాని ముందు ఈథర్‌నెట్ 14. నా మొదలు ఎక్కడో చూపే గుర్తు మాత్రమే జరిగింది. గొంతు ఉన్నచోటు నుంచి కదల్లేదు.

చివరికి నెట్‌వర్క్ కార్డు డ్రైవర్ చేతిలో పడ్డాను. ఇక్కడొక ఒప్పందం ఉంది. డ్రైవర్ ‘బిజీ’ అంటే నేనింకా పైవాళ్ళ సొత్తే, నన్ను ముట్టుకోకూడదు. ‘ఓకే’ అంటే నా బాధ్యత డ్రైవర్‌దే. పంపినా, పారేసినా నన్ను విడిపించాల్సింది అదే. ఆ రోజు కార్డు నన్ను చదువుకోవడానికి కావలసిన డీఎంఏ మ్యాపింగ్ విఫలమైంది. ఎప్పుడో గానీ జరగదది. డ్రైవర్ పారేసినవాటి లెక్కలో ఒకటి కలిపి, ‘ఓకే’ అని చేతులు దులుపుకుంది. నన్ను విడిపించే వాక్యం ఆ దారిలో లేనే లేదు.

నా రెఫరెన్స్ కౌంట్ ఒకటి దగ్గర ఆగిపోయింది. ఎవరో నన్ను పట్టుకున్నారని దాని అర్థం. ఎవరూ లేరు. మామూలు ప్రోగ్రామ్ ముగిస్తే దాని మెమరీని కెర్నల్ వెనక్కి తీసుకుంటుంది. కెర్నల్‌లోనే తప్పిపోయిన నాకు రీబూట్ దాకా అతీగతీ లేదు. నన్ను పంపిన సాకెట్ ఖాతాలో ఇంకా బాకీగానే ఉన్నాను. ప్రోగ్రామ్ ఆ సాకెట్‌ను మూసేసినా, నా లెక్క తేలక అదీ నాతోపాటే చిక్కుకుపోయింది. తర్వాత ఇంకొందరు వచ్చి చేరారు. చిన్న మెమరీ ఉన్న రౌటర్‌లో ఇలా జరిగితే కొన్నాళ్ళు బాగానే నడిచి ఒకనాడు ఆగిపోతుంది. ఇంట్లోవాళ్ళు స్విచ్ ఆపి వేస్తారు, మళ్ళీ నడుస్తుంది. మేమున్నామన్న అనుమానమే ఎవరికీ రాదు.

మాది పరీక్షల యంత్రం కాబట్టి అందులో కెమెమ్‌లీక్ ఉంది. కాటలిన్ మరినాస్ రాసిన ఈ పనిముట్టు 2009లో 2.6.31 కెర్నల్‌తో వచ్చింది. మామూలుగా 10 నిమిషాలకోసారి మెమరీని గాలించి, ఎవరి దగ్గరా చిరునామా మిగలనివాళ్ళను జాబితాకెక్కిస్తుంది. నా సైజు, మొదటి 32 బైట్లు, నన్ను పుట్టించిన ఫంక్షన్ల వరస రాసిపెట్టింది. పుట్టిన చోటు చెప్పింది గానీ వదిలేసిన చోటు చెప్పలేదు. అది దానికి తెలిసే వీల్లేదు. ఆ చోటు వెతకాలంటే మనిషే కూర్చుని, నేను దిగివచ్చిన దారంతా, ప్రతి ‘ఇఫ్’ దగ్గరా ఆగి చదవాలి. తొందరపడి ‘బిజీ’ అనే దారిలో విడిపిస్తే, పైవాళ్ళు ఇంకా వాడుతున్న ప్యాకెట్టు వాళ్ళ చేతుల్లోనే పోతుంది. యంత్రం కూలవచ్చు, దాడి చేసేవాళ్ళకు దారి దొరకవచ్చు. లీక్ కంటే అది ఘోరం.

మా ఇంజినీరు తొందరపడలేదు. మ్యాపింగ్ విఫలమయ్యే దారిలో ఒకే ఒక్క వాక్యం చేర్చింది: డెవ్_కెఫ్రీ_ఎస్‌కెబి_ఎనీ. ఇంటరప్ట్ మధ్యలో పిలిచినా పనిచేసేది కనుక దాన్నే ఎంచుకుంది. ప్యాచ్ కింద ‘ఫిక్సెస్’ అని పెట్టి, ఈ తప్పు తొలిసారి ఏ మార్పుతో వచ్చిందో రాసింది. ఏయే పాత స్టేబుల్ కెర్నళ్ళకు ఆ ప్యాచ్ అవసరమో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఆ వాక్యం నాకు పనికిరాదు, నా తర్వాత వచ్చేవాళ్ళకే. కొత్త కెర్నల్ కోసం చేసే రీబూట్‌తో నేనూ విడుదలవుతాను. నా బెంగంతా అదే డ్రైవర్‌తో నడుస్తున్న ఇళ్ళలోని పాత రౌటర్ల గురించి. తయారీదారులు వాటికి అప్‌డేట్లు ఆపేశారు. ఆ ఒక్క వాక్యం వాటి దాకా వెళ్ళే దారి లేదు.