రెండు రూట్‌ల వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం:
సెట్ రూట్=(హెచ్‌డీ0,జీపీటీ2)
లినక్స్ /బూట్/వీఎంలినజ్ రూట్=యూయూఐడీ=9బీ1ఎఫ్… ఆర్‌ఓ

అవతారిక: పాత డిస్క్‌లోని సమస్తాన్నీ కొత్త డిస్క్‌లోకి నకలు చేసుకున్న గృహస్థు, ఇకమీదట కొత్తదాని మీదనే లినక్స్ నడవాలని సంకల్పించిన సందర్భంలోనిది ఈ ద్విపాద వాక్యం. దీనిని చదివేది గ్రబ్. అనగా కంప్యూటర్ మేలుకోగానే కెర్నెల్‌ను మెమరీలోకి ఎక్కించే బూట్‌లోడర్. 1995లో ఎరిక్ బోలిన్ ఆరంభించిన ఈ గ్రబ్‌కు, భౌతికశాస్త్రజ్ఞుల మహా ఏకీకృత సిద్ధాంతాన్ని వేళాకోళంగా తలపించే పేరు పెట్టారు.

టీక: హెచ్‌డీ0 అనగా మొదటి డిస్క్, జీపీటీ2 అనగా అందులో రెండవ విభాగం. డిస్క్‌లను సున్నా నుంచి, విభాగాలను ఒకటి నుంచి లెక్కించడం ఏ వ్యాకరణ సూత్రానికి లోబడినదో తెలియదు గాని, పాత గ్రబ్‌లో రెండూ సున్నా నుంచే మొదలయ్యేవి గనుక నాటి పుస్తకాల్లోని రెండవ అంకెకు ఒకటి కలుపుకొని చదువుకోవాలి. ఆర్‌ఓ అనగా మొదట చదవడానికి మాత్రమే తెరవుమని. తనిఖీ ముగిశాక వ్రాతకు అనుమతి వస్తుంది.

ఇక రూట్. సర్వాధికారి అయిన రూట్ వాడుకరికి ఇక్కడ ప్రసక్తి లేదు. మొదటి పాదంలోని రూట్ గ్రబ్‌ను ఉద్దేశించినదై కెర్నెల్ ఫైలు ఏ విభాగంలో ఉందో చెబుతుండగా, రెండవ పాదంలోని రూట్‌ను గ్రబ్ విప్పి చూడకుండా, ఉత్తరం మోసే బంట్రోతు వలె కెర్నెల్‌కు అందజేస్తుంది. ‘/’ అనే ఆదిస్థానంలో ఏ విభాగాన్ని మౌంట్ చేయాలో ఆ ఉత్తరం వల్లనే తెలుస్తుంది. ఒకే మాట ఒకేసారి రెండర్థాలు ఇవ్వడం లేదు గనుక ఇది శ్లేష కాదు, అర్థభేదంతో ఆవృత్తమైనది గనుక యమకం. ఈ భేదం గమనించక మొదటి రూట్‌ను మాత్రమే మార్చినవారికి కలిగే నష్టం విచిత్రమైనది: కెర్నెల్ కొత్త డిస్క్ నుంచి లేచి, పాత డిస్క్‌ను మౌంట్ చేసుకుంటుంది, రెండూ ఒకదానికొకటి నకళ్లే గనుక ఏ లోపమూ కనబడదు, వ్రాసిన ప్రతి ఫైలూ పాతదానిలోకే చేరుతుంది.

పాఠాంతరం: ‘రూట్=/డెవ్/ఎస్‌డీఏ2’ అని పాత పాఠం. డిస్క్‌లు కనబడిన క్రమాన్ని బట్టి ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు తారుమారు కాగలవు గనుక, ఫైల్‌సిస్టమ్‌కు పుట్టుకతో వచ్చే 36 అక్షరాల యూయూఐడీ పాఠమే గ్రాహ్యం. అయితే దీనిని విప్పి చెప్పేది ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ అనే తాత్కాలిక ఫైల్‌సిస్టమే తప్ప కెర్నెల్ కాదు. అది లేనిచోట విభాగానికి చెందిన పార్ట్‌యూయూఐడీ వ్రాయాలి. బైటు బైటుగా నకలు తీసిన డిస్క్‌కు యూయూఐడీ కూడా నకలై కవలలు ఏర్పడతాయి గనుక, ఒకదానికి ముందే కొత్త సంఖ్య ఇవ్వడం అవసరం.

తాత్పర్యం: రెండవ పాదంలో కొత్త విభాగపు యూయూఐడీ ఉండాలి, ఏ విభాగం ఎక్కడ మౌంట్ కావాలో చెప్పే పట్టిక అయిన ఎఫ్‌స్టాబ్‌లోనూ అదే ఉండాలి. మెనూలో ‘ఈ’ మీట నొక్కి చేసిన సవరణ ఆ ఒక్క పారాయణకే చెల్లుతుంది. గ్రబ్ డాట్ సీఎఫ్‌జీలో చేత్తో వ్రాసినది ప్రక్షిప్తం. గ్రబ్-ఎంకేకాన్ఫిగ్ అనే లేఖకుడు మళ్లీ వ్రాసినప్పుడు అది తుడిచిపెట్టుకుపోతుంది. ఆ లేఖకుడైనా తాను నిలుచున్న చోటినే ‘/’గా నమోదు చేస్తాడు గనుక, పాత డిస్క్ మీద ఉండి పిలిస్తే పాత యూయూఐడీనే మళ్లీ శ్రద్ధగా వ్రాస్తాడు, అతణ్ని ముందు క్రూట్ అనే, ‘/’ స్థానాన్ని మార్చి చూపే ఆదేశం ద్వారా కొత్త డిస్క్‌లో ప్రవేశపెట్టి, పిదప కలం అందించాలి.